ముడుచుకుపోయిన వేళ్లు (శస్త్రచికిత్స చరిత్ర – 7వ భాగం)

గత భాగం పుణేలో ఒక బండివాడి ముక్కు కథతో ముగిసింది. 1792 యుద్ధంలో ఇంగ్లిషు సైన్యానికి ఎడ్లబండి తోలిన కవాస్జీని టిప్పు సుల్తాన్ మనుషులు పట్టుకుని ముక్కు, ఒక చెయ్యి నరికేశారు. తర్వాత పుణేలో ఒక స్థానిక వైద్యుడు అతని నుదుటి చర్మాన్ని కోసి, మలిచి, కొత్త ముక్కు అమర్చాడు. ఆ సంగతిని 1794 అక్టోబరులో లండన్ 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' బొమ్మతో సహా అచ్చేసింది. ఇరవై ఏళ్లకు, 1814లో, జోసెఫ్ కార్ప్యూ అదే పద్ధతిని లండన్‌లో చేసి చూపించాడు. ఆధునిక ప్లాస్టిక్ సర్జరీ చరిత్ర చెప్పేవాళ్లు తరచూ ఈ ముక్కు దగ్గరే మొదలుపెడతారు. కవాస్జీ పోగొట్టుకున్న చేతి ఊసు ఎవరూ ఎత్తరు. ముక్కు తిరిగొచ్చింది గానీ చెయ్యి రాలేదు.

చేతికి పనితనాన్ని తిరిగి ఇచ్చే విద్య దక్షిణ భారతంలో వేళ్లూనడానికి ఇంకో నూట యాభై ఏళ్లు పట్టింది. దాన్ని తెచ్చిపెట్టింది ఊళ్లు వెలివేసిన కుష్టు రోగులు. మన పల్లెల్లో పెద్దరోగం అని గొంతు తగ్గించి చెప్పుకునే ఆ జబ్బు లేకపోతే, ఈరోజు కొడవలి తెగి నరం పోయిన రైతుకూ యాక్సిడెంటులో చెయ్యి చచ్చుబడ్డ కుర్రాడికీ చేసే ఆపరేషన్లలో కొన్ని ఇంత పదును తేలి ఉండేవి కావు.

చేతి విలువ తెలియాలంటే జనగామ పత్తి చేన్లోకో, మానుకోట (మహబూబాబాద్) మిర్చి తోటలోకో వెళ్లి చూడాలి. పగిలిన కాయలోంచి దూదిని మూడు వేళ్లతో లాగాలి. మిర్చి ఏరేటప్పుడు తొడిమ దగ్గర బొటనవేలూ చూపుడువేలూ ఆనించి తుంచాలి. వరి నాటు వేయాలంటే నారు కట్టలోంచి రెండు మూడు మొక్కలు విడదీసి బురదలో గుచ్చాలి. భూపాలపల్లి బొగ్గు బాయిలో దిగేవాడికి పట్టు తప్పితే ప్రాణానికే ముప్పు. ఈ పనుల్లో పట్టు బిగించడానికి ముంజేతిలోని పెద్ద కండరాలు చాలు. వేళ్లను మొదటి కణుపు దగ్గర వంచి, కొసలను చాపి ఉంచే నాజూకు పని మాత్రం అరచేతిలో దాగిన చిన్న చిన్న కండరాలది. ఆ కండరాలను నడిపించే నరాల మీదే కుష్టు దెబ్బ కొడుతుంది.

మోచేయి లోపలి వైపు, ఎముక పొడుచుకొచ్చిన చోటికి కాస్త వెనక వేలితో తడిమితే తాడులాంటి నరం ఒకటి చేతికి తగులుతుంది. గట్టిగా నొక్కితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది. అది అల్నార్ నరం. కుష్టు సూక్ష్మజీవికి ఒంట్లో చల్లగా ఉండే తావులంటే ఇష్టం, అందుకే చర్మానికి దగ్గరగా నరం పైకి తేలే చోట్ల కాపురం పెడుతుంది. మోచేయి దగ్గర అల్నార్, మణికట్టు దగ్గర మీడియన్, మోకాలి కింద బయటివైపు పాదాన్ని ఎత్తే నరం వాస్తాయి, గట్టిపడతాయి, చివరికి చచ్చిపోతాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు ముందు తిమ్మిరెక్కుతాయి. తర్వాత నెమ్మదిగా ముడుచుకుపోతాయి. మీడియన్ నరం కూడా పోతే నాలుగు వేళ్లూ గోళ్లు పెట్టి రక్కబోతున్నట్టు వంగి అలాగే ఉండిపోతాయి, బొటనవేలు అడ్డం తిరగదు. డాక్టర్లు దీన్ని క్లా హ్యాండ్ అంటారు.

ఈ రోగుల కోసం తెలంగాణ గడ్డ మీద మొదట గట్టిగా నిలబడిన ఆసుపత్రుల్లో ముందు చెప్పాల్సింది నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లి. స్కాట్లాండ్‌లో పుట్టి 1903లో అబర్డీన్‌లో వైద్యపట్టా పుచ్చుకున్న ఇసబెల్ కెర్, పాస్టరైన భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో నిజాం రాజ్యానికి వచ్చింది. రోగులు బిచ్చమెత్తుకుంటూ తన ఆసుపత్రి ముందుకు రావడం, వాళ్లకు ఇవ్వడానికి తన దగ్గర ఏ మందూ లేకపోవడం ఆమెను కలచివేశాయి. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత సొమ్ము ఇచ్చాడు. 1915 నాటికి డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి లేచింది. నిజాం ప్రభుత్వమూ గ్రాంటులిచ్చింది. ఒక క్రైస్తవ మిషనరీ, ఒక హిందూ దాత, ఒక ముస్లిం పాలకుడి ఖజానా కలిసి ఒకే ఆసుపత్రిని నిలబెట్టిన ఈ ఘట్టానికి మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా అయినా దక్కాల్సింది.

అప్పట్లో ఉన్న మందల్లా చాల్‌మూగ్రా నూనె. తాగిస్తే కడుపులో తిప్పి వాంతి అయ్యేది, అందుకే సూదితో ఎక్కించేవారు. చిక్కటి నూనె ఒంట్లోకి దిగేటప్పుడు పడే బాధ చెప్పనలవి కాదు. అయినా రోగులు వరుస కట్టారు. జనగామ, మానుకోట స్టేషన్లలో రైలెక్కి సికింద్రాబాద్ చేరి, అక్కడ నిజామాబాద్ వైపు మీటర్ గేజ్ బండి మారితే డిచ్‌పల్లి. భూపాలపల్లి అడవి పల్లెల వాళ్లకైతే ముందు హనుమకొండ దాకా బండ్ల మీదో కాలినడకనో రావడమే ఒక యాత్ర. ఒంటి మీద మచ్చలున్న మనిషి ఆ ప్రయాణంలో ఎన్ని ఛీత్కారాలు దిగమింగి ఉంటాడో ఊహించుకోవచ్చు. ఇసబెల్ 1932లో కన్నుమూసింది. అంతకు ముందే, 1923లో, దంపతులిద్దరికీ కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది.

డిచ్‌పల్లి ఇంకో మనిషిని కూడా తయారు చేసింది. 1920లలో అక్కడ డాక్టరుగా పనిచేసిన జాన్ లో కుష్టు వైద్యాన్ని ఇక్కడి రోగుల దగ్గరే నేర్చుకున్నాడు. తర్వాత కలకత్తాలో పరిశోధన చేసి, 1940ల చివర్లో నైజీరియాలోని ఉజువాకోలికి వెళ్లాడు. అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో 1941లో మొదలైన సల్ఫోన్ మందులు అప్పటికి ఖరీదైనవి, రక్తనాళంలోకి ఎక్కించాల్సినవి. వాటికి మూలమైన డాప్సోన్‌ను చౌకగా, చిన్న మోతాదులో, మాత్ర రూపంలో నోటి ద్వారా ఇచ్చినా పనిచేస్తుందని లో తన రోగుల మీద తేల్చి, 1950లో 'లాన్సెట్' పత్రికలో ప్రకటించాడు. కోట్లమంది మింగిన మాత్ర అది. మత్తుమందు భద్రతను పరీక్షించిన 1888, 1889 నాటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ల గురించి మనవాళ్లు గర్వంగా రాస్తారు, రాయాలి కూడా. ఆ గర్వంలో కాస్త వాటా డిచ్‌పల్లికీ ఇవ్వాలన్నది ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం.

మందు దొరికింది. సూక్ష్మజీవి చచ్చింది. చచ్చిన నరం మాత్రం బతకలేదు. రోగం నయమైందని కాగితం చేతిలో పెడితే, ఆ కాగితాన్ని పట్టుకోలేని చేతులతో మనుషులు ఇంటికి పోయారు. ముడుచుకున్న వేళ్లే చాటింపు వేస్తుంటే ఊళ్లో ఎవరు నమ్ముతారు?

ఇక్కడ కథ దక్షిణానికి, వేలూరుకి తిరుగుతుంది. పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టాడు. లండన్‌లో చదివి, యుద్ధకాలంలో బాంబు దాడుల్లో దెబ్బతిన్నవాళ్లకు ఆపరేషన్లు చేసి, 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి సర్జన్‌గా వచ్చాడు. మరుసటి ఏడు చెంగల్పట్టు కుష్టు ఆసుపత్రిని చూడటానికి వెళ్లాడు. అక్కడి పెద్ద డాక్టర్ రాబర్ట్ కాక్రేన్ చర్మం మచ్చల గురించి చెబుతుంటే బ్రాండ్ కళ్లు రోగుల చేతుల మీదే నిలిచిపోయాయి. ఈ చేతులకు ఎవరూ ఏమీ చేయరా అని అడిగాడు. నువ్వు ఎముకల డాక్టరువి, నీకు తెలియాలి గానీ నాకు కాదన్నాడు కాక్రేన్. ఒక యువకుడి వంకర వేళ్ల మధ్య బ్రాండ్ తన చెయ్యి పెట్టి, గట్టిగా నొక్కమన్నాడు. వేళ్లు చచ్చుబడ్డ చెయ్యి కదా అనుకున్నాడు. ఆ పట్టుకు నొప్పితో అరిచినంత పనైంది. ముంజేతి కండరాలు నిక్షేపంగా ఉన్నాయన్నమాట. అంటే అరువు తెచ్చుకోవడానికి బలం ఆ చేతిలోనే ఉంది.

ఆ తర్వాత అతను కత్తి పట్టే ముందు కొలతలు పట్టాడు, అసలు గొప్పతనం అక్కడే ఉంది. తన బృందంతో కలిసి వందల, వేల చేతులను పరీక్షించి ఏ కండరం పోయిందో, ఏది మిగిలిందో పట్టికలు వేశాడు. ముంజేతి పైభాగం కండరాలు దాదాపు ఎప్పుడూ చెడవని, మణికట్టును ఎత్తే నరం చాలా అరుదుగా పోతుందని తేలింది. చనిపోయిన ఒక రోగి శరీరాన్ని రాత్రికి రాత్రి పరీక్షించి నరాలను పొడవునా బయటపెట్టి చూస్తే, వాపులన్నీ చర్మానికి దగ్గరైన చోట్లే కనిపించాయి. ఎక్కడి కండరాన్ని నమ్మకంగా వాడుకోవచ్చో దీంతో స్పష్టమైంది. 1948లో వేలూరులో మొదటి చేతి ఆపరేషన్ జరిగింది.

అప్పటిదాకా డాక్టర్లకూ ఒక నమ్మకం ఉండేది: కుష్టు రోగి మాంసం చెడ్డది, కోస్తే మానదు, వేళ్లు వాటంతట అవే రాలిపోతాయి. బ్రాండ్ కోసిన గాయాలు అందరికీ మానినట్టే మానాయి. మరి వేళ్లు ఎలా పోతున్నాయి? చిన్న పిల్లవాడొకడు తుప్పు పట్టిన తాళాన్ని బ్రాండ్‌కన్నా సులువుగా తిప్పేస్తే, అతని వేలు చూశారు. తాళంచెవి ఎముక దాకా దిగిపోయింది, పిల్లవాడికి నొప్పే తెలియలేదు. రాత్రి పడుకున్నప్పుడు ఉన్న వేలి కొస తెల్లారేసరికి లేదన్న రోగుల మాట నిజమేనా అని కాపలా కాస్తే, ఎలుకలు వచ్చి కొరుక్కుతింటున్నాయి. నొప్పి తెలిసే మనిషి చెయ్యి విదిలించుకుంటాడు, తెలియనివాడు నిద్రపోతూనే ఉంటాడు. ఆ తర్వాత ఆ ఆసుపత్రి నుంచి ఇంటికి పోయే రోగుల సామాన్లలో పిల్లి కూడా చేరింది. వేళ్లను తినేది రోగం కాదనీ, కాచుకోవాల్సింది పొయ్యి మీది గిన్నెనూ కాలుతున్న బీడీనూ ఎలుకనూ అనీ తెలియడం ఏ ఆపరేషన్‌కూ తీసిపోని ఆవిష్కరణ.

ఇక ఆపరేషన్. కొయ్యబొమ్మలాటలో బొమ్మ చెయ్యి లేవాలంటే పైనున్న తాడు లాగాలి. ఒక తాడు తెగితే, పక్క తాడును చీల్చి కొత్త చోట ముడివేసినా బొమ్మ ఆడుతుంది. చేతిలో తాళ్ల పని చేసేవి టెండన్లు, అంటే స్నాయువులు. బొటనవేలు కాక మిగతా ప్రతి వేలిని వంచడానికి ప్రకృతి రెండేసి ఇచ్చింది: ఒకటి మధ్య కణుపు దాకా, ఇంకోటి కొస దాకా. మొదటిదాన్ని అరువు తీసుకున్నా వేలు వంగుతూనే ఉంటుంది. మధ్య వేలిదో ఉంగరం వేలిదో ఆ టెండన్‌ను వేలి దగ్గర కోసి, అరచేతిలోకి లాగి, పొడవునా నాలుగు పాయలుగా చీలుస్తారు. ఒక్కో పాయను ఒక్కో వేలి పక్కనున్న సన్నటి దారిలోంచి పోనిచ్చి, వేలి వెనక ఉండే పట్టీకి కుడతారు. సర్జన్ ఓర్పుకు పరీక్ష బిగువు దగ్గరే. కాస్త ఎక్కువ లాగితే వేలు వెనక్కి విరుచుకుంటుంది, తక్కువ లాగితే మళ్లీ ముడుచుకుంటుంది. బ్రాండ్ తర్వాత దీన్ని మార్చి, మణికట్టును ఎత్తే కండరాల్లో ఒకదానికి పిక్కలోంచి తీసిన సన్నటి టెండన్‌ను అతికించి నాలుగు పాయలు చేశాడు. వేలి బలం వేలికే ఉంచి, మోటారును వేరేచోటి నుంచి తెచ్చినట్టయింది. ఈ పని మీదే 1952లో లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్‌లో హంటేరియన్ ప్రసంగం చేశాడు.

కుట్లు విప్పినంత మాత్రాన చెయ్యి ఆడదు. నిన్నటిదాకా వేలిని వంచిన కండరం ఇవాళ వేరే పని చేయాలి, ఆ సంగతి మెదడుకు తెలియదు. అందుకే ఆపరేషన్‌కు ముందే ఫిజియోథెరపిస్ట్ రోగిని కూర్చోబెట్టి, ఆ ఒక్క కండరాన్నే విడిగా కదపడం నేర్పుతాడు. గట్టిపడ్డ కీళ్లను రోజూ నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, సాగదీస్తాడు, కరిగించిన మైనంలో ముంచుతాడు. కీళ్లు మెత్తబడకపోతే ఎంత గొప్ప సర్జన్ కుట్టినా వృథా. ఆపరేషన్ తర్వాత పిండికట్టు విప్పిన రోజు రోగి చెయ్యి వైపు చూస్తూ నేర్చుకున్న పనిని గుర్తు చేసుకుంటాడు. వేళ్లు మొదటి కణుపు దగ్గర వంగి, కొసలు చాచుకుంటాయి. అన్నం ముద్ద కలిపే భంగిమ అది.

కాలికీ కంటికీ ఇదే సూత్రం. పాదం వేలాడిపోతే కాలి వెనక కండరాన్ని ముందుకు తిప్పి పాదాన్ని ఎత్తిస్తారు. కన్ను మూతపడకపోతే కణత దగ్గరి నమిలే కండరంలోంచి ఒక పట్టీని రెప్పలోకి పోనిస్తారు. దవడ బిగిస్తే కన్ను మూసుకుంటుంది, రోగి అలా మూయడం అలవాటు చేసుకోవాలి. లోపలి నుంచి కుంగిపోయిన ముక్కును లేపడానికి ప్లాస్టిక్ సర్జన్ హెరాల్డ్ గిల్లీస్ పద్ధతిని బొంబాయి సర్జన్ ఎన్.హెచ్. ఆంటియా కుష్టు రోగులకు విరివిగా వాడాడు. వేలూరులో డాక్టర్ మేరీ వర్గీస్ కథ వేరే వ్యాసానికి సరిపోతుంది: 1954లో రోడ్డు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడ్డా, చక్రాల కుర్చీలో కూర్చునే ఈ రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది.

ఆపరేషన్ అయిన ఒక రోగి కొన్నాళ్లకు చిక్కిపోయి బ్రాండ్ దగ్గరికి తిరిగొచ్చాడు. ఇవి బిచ్చానికి పనికిరాని చేతులు డాక్టరు గారూ అన్నది అతని గోడు. వంకర వేళ్లు చూసి పైసలు వేసేవాళ్లు ఇప్పుడు వేయడం లేదు, మచ్చలు చూసి పని ఇచ్చేవాళ్లూ లేరు. చేతిని బాగు చేయడం సగం పనేనని బ్రాండ్‌కు అప్పుడు అర్థమైంది. 1951లో వేలూరులో మట్టి గుడిసెలతో 'నవజీవ నిలయం' లేచింది. రోగులు అక్కడే ఉండి వడ్రంగం, బొమ్మల తయారీ నేర్చుకున్నారు, స్పర్శ లేని చేతులతో సుత్తి ఎలా పట్టాలో, పిడి ఎంత లావుండాలో కనిపెట్టారు. 1955లో కరిగిరి పరిశోధనా కేంద్రం వచ్చింది. అక్కడి సర్జన్ ఎర్నెస్ట్ ఫ్రిచ్చి 1971లో రాసిన గ్రంథం ఈ శస్త్రచికిత్సకు పాఠ్యపుస్తకమైంది.

హైదరాబాద్‌కు ఈ పని మన వరంగల్ ఆడపడుచు చేతుల మీదుగా వచ్చింది. హనుమకొండ పక్కన వడ్డేపల్లిలో పింగళి వారింట 1911లో పుట్టిన కుముదినీ దేవి వనపర్తి సంస్థానానికి కోడలుగా వెళ్లింది. తండ్రి పింగళి వెంకటరమణారెడ్డి హైదరాబాద్ రాజ్యానికి ఉప ప్రధానిగా చేసినవాడు. రాణి హోదా, రాజకీయాల్లో పలుకుబడి ఉన్న ఆమె 1958లో కూకట్‌పల్లిలో కుష్టు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రాన్ని స్థాపించింది. పేరు తన గురువు, రిషికేశ్ స్వామి శివానందది. అప్పటి కూకట్‌పల్లి ఊరికి దూరంగా ఉన్న రాళ్ల నేల. వైద్యం, పునర్నిర్మాణ శస్త్రచికిత్స, చేతివృత్తుల శిక్షణ అన్నీ ఒకే ఆవరణలో ఉండాలన్నది ఆమె పట్టుదల. 1962లో హైదరాబాద్ నగర మేయరైంది, శాసనసభకూ వెళ్లింది. పదవులు వచ్చాయి, పోయాయి. కేంద్రం మాత్రం నిలిచింది. 2009లో ఆమె పోయేనాటికి చుట్టూ నగరం కమ్ముకొచ్చింది. వరంగల్ జనం వడ్డేపల్లి చెరువు గట్టు మీద సాయంత్రం నడకకు పోతారు, ఆ ఊరి బిడ్డ చేసిన ఈ పని వాళ్లలో ఎందరికి తెలుసో!

1982లో మూడు మందులు కలిపి ఇచ్చే ఎం.డి.టి. వచ్చాక రోగం వేగంగా తగ్గింది. 2005 డిసెంబరు నాటికి దేశం మొత్తం మీద పదివేల మందికి ఒకరికన్నా తక్కువ స్థాయికి చేరింది. ఆ విజయం నిజం, కానీ దాని లెక్కలో ఒక లొసుగు ఉంది. మందు కోర్సు పూర్తయిన మనిషి పేరు రిజిస్టర్‌లోంచి తీసేస్తారు. వంకర వేళ్లు, వేలాడే పాదం, మూతపడని కన్ను ఆ లెక్కకు అందవు. కుష్టు కోసమే ప్రత్యేకంగా పనిచేసిన సిబ్బందిని మామూలు ఆరోగ్య శాఖలో కలిపారు. నరాన్ని వేళ్లతో తడిమి వాపు చెప్పగలిగిన పాత పారామెడికల్ ఉద్యోగులు ఒక్కొక్కరే రిటైరవుతున్నారు. రోగుల్ని బంధించడానికి తెచ్చిన 1898 నాటి చట్టం 2016లో రద్దయింది. భార్యకో భర్తకో కుష్టు ఉందని విడాకులు కోరే వీలును 2019లో తీసేశారు. చట్టాలు మారడానికే అంత కాలం పట్టింది.

ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి స్పర్శ లేని మచ్చల్ని వెతుకుతారు. అంగవైకల్యం ఉన్నవాళ్లను శస్త్రచికిత్స చేసే కేంద్రాలకు పంపుతారు. అందరినీ పంపడానికి లేదు. మందు కోర్సు పూర్తి కావాలి, కనీసం ఆరు నెలలుగా రియాక్షన్ (రోగం రగిలి నరాలు, చర్మం వాచడం) ఉండకూడదు, చచ్చుబడి ఏడాది దాటాలి, కీళ్లు మెత్తగా ఉండాలి. అన్నీ కుదిరాక కూడా పెద్ద అడ్డంకి ఒకటి మిగులుతుంది: కూలి. ఆపరేషన్, మూడు వారాల పిండికట్టు, ఆ తర్వాత దాదాపు నెల రోజుల వ్యాయామం. పత్తి ఏరే కాలంలో రెండు నెలలు చెయ్యి ముడుచుకుని కూర్చుంటే ఇల్లు గడిచేదెట్లా? ప్రభుత్వం ఇచ్చే వేతన పరిహారం కొంత ఆసరా, అంతే.

ఈ అడ్డంకికి జవాబు వెతికిన పరిశోధన తెలుగు నేలకు ఆనుకునే జరిగింది. విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్లే రైలు దారిలో, ఒడిశాలోని రాయగడ జిల్లాలో మునిగుడ అనే ఊరుంది. అక్కడి హోయినా కుష్టు ఆసుపత్రిలో పనిచేసిన సర్జన్ సంతోష్ రథ్ ఒక సూటి ప్రశ్న వేసుకున్నాడు: మూడు వారాల పిండికట్టు నిజంగా అవసరమా? కుట్టిన టెండన్ ఊడిపోతుందన్న భయంతోనే చెయ్యి కదలకుండా కడుతున్నాం. కుట్టు గట్టిగా ఉంటే వెంటనే కదిలిస్తే ఏమవుతుంది? రోగుల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు పాత పద్ధతి, ఇంకో గుంపుకు ఆపరేషన్ అయిన రెండో రోజు నుంచే జాగ్రత్తగా కదలిక. 2009లో 'జర్నల్ ఆఫ్ హ్యాండ్ సర్జరీ'లో ఫలితాలు అచ్చయ్యాయి. టెండన్లు ఊడలేదు. వేళ్ల తీరులో చివరికి రెండు గుంపులకూ తేడా లేదు. వెంటనే కదిలించినవాళ్లు మాత్రం దాదాపు మూడు వారాలు ముందుగా పనికి సిద్ధమయ్యారు. పెద్ద నగరాల ఆసుపత్రుల్లో ఆ మూడు వారాలు ఎవరికీ లెక్కలోకి రాకపోవచ్చు. కూలి చేసుకునే రోగికి అవి మూడు వారాల సంపాదన. అందుకే ఆ ప్రశ్న మునిగుడ లాంటి చోట పుట్టింది.

ఈ జబ్బు దగ్గర నేర్చిన విద్య ఈ జబ్బు దగ్గరే ఆగలేదు. బ్రాండ్ 1966లో అమెరికా వెళ్లి కార్విల్‌లో పనిచేస్తూ, స్పర్శ పోయిన కుష్టు పాదానికీ షుగర్ రోగి పాదానికీ పుండు పడే తీరు ఒకటేనని చూపించాడు. వేలూరు, కరిగిరిల్లో కుష్టు రోగుల కోసం తయారైన మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులనే ఇప్పుడు హనుమకొండ మెడికల్ షాపుల్లో ఎం.సి.ఆర్. చెప్పులని షుగర్ పేషంట్లు కొనుక్కుంటున్నారు. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రికి మూడు జిల్లాల నుంచి వచ్చే నరం తెగిన చేతులకూ టెండన్ మార్పిడి సూత్రం అదే.

అసలు ఆపరేషన్ దాకా రాకుండా ఆపే వీలూ ఉంది. నరం బలహీనపడిన మొదటి ఆరు నెలల్లో ప్రెడ్నిసోలోన్ మాత్రలు మొదలుపెడితే చాలామందికి బలం తిరిగొస్తుంది. ఆ మాత్రలు ఎన్నాళ్లు వాడాలన్న దాని మీద మన దేశమూ పొరుగు దేశాలూ కలిసి చేసిన టెన్‌లెప్ అధ్యయనం 20 వారాల కోర్సునూ 32 వారాల కోర్సునూ పోల్చింది. ఎక్కువ వారాలు వాడినందుకు అదనపు లాభం కనిపించలేదు. కాబట్టి చిక్కు మందు దగ్గర లేదు, ఆ ఆరు నెలల్లో రోగిని గుర్తించడం దగ్గరే ఉంది.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఒకప్పుడు డిచ్‌పల్లికి రైళ్లు మారి పోయిన ఊళ్ల పక్కనే ఇప్పుడు డాక్టర్లు తయారవుతున్నారు. వాళ్లకు ఈ పరీక్ష నేర్పడానికి యంత్రమేదీ అక్కర్లేదు. రోగిని వేళ్లు చాపమని, ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్య ఒక కాగితం ముక్క పెట్టి పట్టుకోమని, మెల్లగా లాగాలి. ఆరోగ్యమైన చెయ్యి వదలదు. కాగితం జారిపోతే మోచేయి వెనక నరాన్ని తడిమి, వాచిందేమో రెండో చేతితో పోల్చి చూసి, అదే పూట మాత్రలు మొదలుపెట్టాలి.

(వచ్చే భాగంలో: కాలిన ఒళ్లు, ఉస్మానియా ఆసుపత్రి చర్మ నిధి)